ఇటలీలో అమ్మతో తొమ్మిది రోజులు: ఏ బొమ్మలు చూడాలి, ఏవి వదిలేయాలి?

గోదావరి_ఒడ్డు | జూన్ 3, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. సెప్టెంబర్ రెండో వారంలో అమ్మను ఇటలీ తీసుకెళ్తున్నాను. రోమ్ నాలుగు రోజులు, ఫ్లోరెన్స్ మూడు, చివర్లో మిలాన్ రెండు. విమానం టికెట్లు, వీసా అయిపోయాయి. అసలు విషయం దగ్గరే ఆగిపోయాను. ఏం చూడాలి, ఏం వదిలేయాలి?

ముందు నా సంగతి చెప్తాను. 2018లో ఆఫీసు పని మీద జర్మనీ వెళ్ళినప్పుడు ఒక టూర్ కంపెనీ వాళ్ళతో ఆరు రోజుల్లో ఐదు ఊళ్ళు తిరిగాను. ఫ్లోరెన్స్‌కి ఒక పూట. ఉఫీజీ మ్యూజియంలో యాభై నిమిషాలు ఇచ్చారు. బొత్తిచెల్లి వేసిన వీనస్ బొమ్మ ముందు నేను నిలబడిన ఫోటో ఫోన్‌లో ఉంది, మనసులో మాత్రం ఏమీ మిగల్లేదు. అంత దూరం వెళ్ళి చూడకుండా వచ్చానన్న బాధ ఇప్పటికీ ఉంది. అమ్మకు అలా జరగకూడదు.

అమ్మకు 67. రిటైర్డ్ టీచర్. మాది చర్చికి వెళ్ళే కుటుంబం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా ముందు గదిలో ప్రభువు రాత్రి భోజనం పటం ఉంది. అమ్మ పెళ్ళికి ఎవరో బహుమతిగా ఇచ్చారట. ఫ్రేము రెండుసార్లు మార్చాం, బొమ్మ మార్చలేదు. దాన్ని లియొనార్డో డా విన్చీ వేశాడని, అసలుది మిలాన్‌లో ఒక గోడ మీద ఉందని నేను చెప్పేదాకా అమ్మకు తెలియదు. తెలిశాక ఒకటే మాట: "అది చూపిస్తే చాలు నాన్నా, మిగతావి నీ ఇష్టం."

మోకాళ్ళ నొప్పులున్నాయి. గంటకోసారి కూర్చోవాలి. వెళ్ళొచ్చినవాళ్ళు దయచేసి చెప్పండి.

మిలాన్_స్టూడెంట్ | జూన్ 3, రాత్రి 11:05

అన్నా, ఇక్కడ ఎం.ఎస్. చేస్తున్నాను. మిగతా ప్లానంతా పక్కన పెట్టి ముందు ఆ భోజనం బొమ్మ టికెట్లు చూడండి. ఇది మామూలు మ్యూజియం కాదు, నేరుగా వెళ్తే టికెట్ దొరకదు. చిన్న చిన్న బృందాలుగా లోపలికి పంపుతారు, సరిగ్గా 15 నిమిషాలు ఉండనిస్తారు. బయటి దుమ్ము, చెమ్మ లోపలికి రాకుండా గాజు తలుపుల గదులు రెండుమూడు దాటించి తీసుకెళ్తారు. టికెట్లు కొన్ని నెలలకోసారి విడతలుగా వదులుతారు, వదిలిన కొద్దిసేపటికే పోతాయి. అధికారిక సైట్‌లోనే కొనండి. సోమవారం సెలవు.

ఇంకో మాట. అమ్మగారికి ముందే చెప్పి తీసుకెళ్ళండి. ఇంట్లో పటంలాగా రంగులు మెరుస్తూ ఉండవు. చాలా వెలిసిపోయింది. మా రూమ్మేట్ వాళ్ళ నాన్నగారు లోపలికెళ్ళగానే "ఇదేనా?" అన్నారు. అర్థమయ్యేలోపే 15 నిమిషాలు అయిపోయాయి.

లోకసంచారి_వరంగల్ | జూన్ 4, ఉదయం 7:30

అన్నా, నా అభిప్రాయం వేరే. ఇన్ని లక్షలు పెట్టి పోతున్నరు, మళ్ళీ మళ్ళీ పోయేది కాదు. మిలాన్ నుంచి వెనిస్ రైల్లో రెండున్నర గంటలే. ఇంకో రెండు రోజులు కలిపితే పారిస్ కూడా అయిపోతది. పోయినంక "అది చూడలే, ఇది చూడలే" అనుకునుడు కంటే అన్నీ ఒక్కసారి కండ్లతో చూసుడు మంచిది. నేను 11 రోజుల్ల నాలుగు దేశాలు చూసిన. రాత్రిపూట ఆ ఫోటోలు తీసి చూస్తుంటే ఇప్పటికీ సంతోషమే.

తెనాలి_డ్రాయింగ్_మాస్టారు | జూన్ 4, ఉదయం 9:48

బాబూ, ముప్పై రెండేళ్ళు జిల్లా పరిషత్ స్కూళ్ళలో డ్రాయింగ్ చెప్పాను. 2019లో మా అబ్బాయి తీసుకెళ్ళాడు. నా అనుభవం కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

ముందు గోడ గురించి చెప్పాలి. ఇటలీలో మీరు చూడబోయే గొప్ప బొమ్మలు సగం గుడ్డ మీదో చెక్క మీదో వేసినవి కావు, గోడ మీదవి. ఫ్రెస్కో అంటే తడి సున్నం మీద వేసే బొమ్మ. ఆ రోజు ఎంత మేర వేయగలరో అంత మేరకే పొద్దున్నే సున్నం, ఇసుక కలిపిన పూత పూస్తారు. అది ఆరేలోపు, నీళ్ళలో కలిపిన రంగులతో వేసెయ్యాలి. సున్నం గాలి తగిలి రాయిలాగా గట్టిపడేటప్పుడు రంగును తనలోనే బిగించేసుకుంటుంది. అప్పుడిక ఆ రంగు గోడలో భాగమే. తప్పు పోతే ఆ ముక్క చెక్కేసి మళ్ళీ పూయాలి. దగ్గరగా చూస్తే ఒక రోజు పూతకూ మర్నాటి పూతకూ మధ్య సన్నని అతుకు గీత కనిపిస్తుంది. ఆ గీత పట్టుకుంటే, ఆ పూట అతను ఎక్కడ పని ఆపి ఇంటికి వెళ్ళాడో తెలిసిపోతుంది. నాకు అక్కడ అన్నిటికంటే ఆనందం ఇచ్చింది ఆ గీతలే.

లియొనార్డోకు ఈ తొందర పడలేదు. మెల్లగా, దిద్దుకుంటూ వేసే మనిషి. అందుకని మిలాన్ గోడ మీద తడి సున్నం పద్ధతి వదిలేసి ఆరిన పూత మీద వేశాడు. 1495 ప్రాంతంలో మొదలుపెట్టి 1498 నాటికి పూర్తి చేశాడు. ఆయన బతికుండగానే రంగు పెచ్చులు లేవడం మొదలైంది. అమ్మగారికి ఈ ముక్క చెప్పండి. అది వెలిసిపోయిన బొమ్మ అనుకుని చూడొద్దు, ఐదు వందల ఏళ్ళుగా పోతూ పోతూ కూడా నిలిచిన బొమ్మ అనుకుని చూడాలి. 1652లో గోడకు తలుపు పెట్టి ప్రభువు పాదాలున్న చోటు కొట్టేశారు. 1943 ఆగస్టులో బాంబు పడి ఆ హాలు పైకప్పు, ఒక పక్క గోడ కూలాయి. ఇసుక బస్తాలు పేర్చి కాపాడుకున్న ఈ గోడ నిలబడింది. 1978 నుంచి 1999 దాకా, ఇరవై ఏళ్ళకు పైగా శుభ్రం చేసి నిలబెట్టారు. ఇతరులు పైపైన పూసిన రంగులు తీసేసి, పోయినచోట లేత నీటిరంగులు మాత్రం అద్దారు. అందుకే అలా ఉంటుంది.

ఫ్లోరెన్స్‌లో ఒక్కచోటికి తప్పకుండా వెళ్ళండి. సాన్ మార్కో. ఒకప్పటి సన్యాసుల మఠం. ఫ్రా ఆంజెలికో అనే సన్యాసి 1440ల ప్రాంతంలో, తోటి సన్యాసులు పడుకునే గది గదికీ గోడ మీద ఒక్కో బొమ్మ వేశాడు. శిష్యులూ చెయ్యి వేశారు. చిన్న గది, ఒక కిటికీ, ఒక బొమ్మ. ఇంకేమీ లేదు. జనం తక్కువ. అయితే మధ్యాహ్నానికే మూసేస్తారు, పొద్దున్నే వెళ్ళాలి.

వరంగల్ తమ్ముడు చెప్పినదాన్ని తప్పు అనను. కానీ మా స్కూల్లో పిల్లలకు ఒకే రోజు నలభై బొమ్మలు చూపిస్తే ఏమవుతుందో నాకు తెలుసు.

డాలస్_సుమతి | జూన్ 4, రాత్రి 8:20

మాస్టారూ, మీ పోస్టు చదివి మా నాన్న గుర్తొచ్చారు. ఆయన కూడా డ్రాయింగ్ టీచరే, ప్రకాశం జిల్లాలో.

పారిస్ అనవసరం, మోనాలిసా దగ్గర జనం తప్ప ఏమీ కనబడదు అని చాలామంది రాస్తుంటారు. నేను ఒప్పుకోను. నాన్న దగ్గర ఒక పాత పత్రిక నుంచి కత్తిరించిన మోనాలిసా బొమ్మ ఉండేది. నలుపు తెలుపు. పిల్లలకు చేతులు ఎలా వేయాలో చెప్పడానికి అదే చూపించేవారు. "మొహం అందరూ చూస్తారు, చేతులు చూడండి" అనేవారు. ఆయన పోయిన మరుసటి ఏడాది నేను పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంకి వెళ్ళాను. దాదాపు గంట వరుసలో నిలబడితే ముందు వరుసలో అర నిమిషం దొరికింది. చిన్న బొమ్మ, 77 సెంటీమీటర్ల ఎత్తు, గాజు వెనక. నేను చేతులు చూశాను. కుడి చెయ్యి ఎడమ మణికట్టు మీద ఎంత మెత్తగా ఆనుతుందో చూశాను. అంతలో పక్కకు జరగమన్నారు, జరిగాను. ఆ అర నిమిషం నాకు చాలింది.

ఎంత సేపు చూశామన్నదే లెక్క కాదండీ. ఏం చూడడానికి వెళ్ళామో తెలిసి ఉంటే అర నిమిషమైనా సరిపోతుంది.

ఎవరైనా లూవ్ర్ వెళ్తే, మోనాలిసా చూసి అలాగే వెనక్కి తిరగండి. ఎదురు గోడంతా వెరొనేసె వేసిన కానా పెళ్ళి విందు, దాదాపు పది మీటర్ల వెడల్పు. 1797లో నెపోలియన్ సైన్యం వెనిస్ మఠం నుంచి పట్టుకొచ్చింది. అందరూ దానికి వీపు పెట్టి నిలబడి ఉంటారు. బయటికొచ్చాక పొడుగాటి గ్యాలరీలో లియొనార్డోవే ఇంకా కొన్ని ఉన్నాయి, వాటి ముందు నేను వెళ్ళిన రోజు పదిమంది కూడా లేరు.

లోకసంచారి_వరంగల్ | జూన్ 5, ఉదయం 6:55

అక్కా, నీ పోస్టు రెండుసార్లు చదివిన. నేను పోయినప్పుడు ఆ చేతులు చూడలే. ఇప్పుడు ఫోన్ల ఫోటో తీసి పెద్దగ చేసి చూస్తున్న.

ఆళ్లగడ్డ_ఉలి | జూన్ 5, సాయంత్రం 5:15

బొమ్మల గురించి మాస్టారు చెప్పారు, నేను రాయి గురించి చెప్తాను. మాది ఆళ్లగడ్డ. నాన్న, పెదనాన్న విగ్రహాల పనివాళ్ళు. నేను చదువుకుని స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేస్తున్నా. పోయిన ఏడాది ఫ్లోరెన్స్ వెళ్ళి అకాదెమియా అనే మ్యూజియంలో మూడు గంటలు ఉన్నా.

అందరూ దావీదు విగ్రహం కోసం వెళ్తారు. వెళ్ళాల్సిందే. 5.17 మీటర్లు, అంటే పదిహేడు అడుగులు. ఆ పాలరాయిని ఇంకో శిల్పి మొదలుపెట్టి వదిలేస్తే, దశాబ్దాలపాటు ఎండకూ వానకూ పడి ఉంది. సన్నగా, పొడుగ్గా, అప్పటికే కొంత చెడగొట్టిన రాయి. 1501లో మైకెలాంజెలో చేతికి వచ్చేసరికి ఆయనకు 26 ఏళ్ళు. 1504కల్లా ఇచ్చేశాడు. రాయి పని ఇంట్లో పుట్టినవాడిగా చెప్తున్నా, ఇంకొకరు చెడగొట్టిన రాయి తీసుకోవడానికి ఎంత ధైర్యం కావాలో మా నాన్నకు తెలుసు. 1873 దాకా అది బయట చౌకులోనే ఉండేది. ఇప్పుడు అక్కడ ఉన్నది నకలు.

కానీ దావీదు దగ్గరికి పోయే దారిలో అటూ ఇటూ పూర్తికాని విగ్రహాలు ఉంటాయి. బందీలు అంటారు. ఒక పోపు సమాధి కోసం మొదలుపెట్టి వదిలేసినవి. జనం వాటిని దాటుకుంటూ దావీదు దగ్గరికి పోతుంటారు. నేను అక్కడే ఆగిపోయాను. ఒకదానికి తల ఇంకా రాతి దిమ్మగానే ఉంది, కింద ఒళ్ళు మాత్రం బయటికొస్తోంది. పొట్ట మీద దువ్వెనతో దువ్వినట్టు సన్నని గీతలు వరసగా. పళ్ళున్న ఉలి ఆనవాళ్ళు అవి. కండ ఎటు తిరిగితే గీతలు అటే తిరిగాయి. పక్కన ఇంకా లోతైన గాట్లు, మొన ఉలివి. ఒకే రాయి మీద మూడు రకాల దెబ్బలు, ఏది ముందు ఏది తర్వాత అని చదువుకోవచ్చు.

ఫ్లాష్ లేకుండా ఫోటోలకు అడ్డు లేదు, కాబట్టి నాన్నకు వీడియో కాల్ చేశా. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "పక్కకెళ్ళి చూపించు" అన్నాడు. చూపించా. "ముందు నుంచే కొట్టుకుంటా పోయినాడు, వెనక ముట్టుకోనే లేదు. మేము నాలుగు వైపులా గీతలు పెట్టుకుంటాం. ఈయనకు లోపల ఉండేది కనపడేదేమో" అన్నాడు. దావీదును చూపిస్తుంటే "అది బాగుందిలే, మళ్ళీ అక్కడికే పో" అన్నాడు.

అమ్మగారికి అక్కడ కూర్చోడానికి కూడా చోటు ఉంటుంది.

కొత్తగా_చేరా | జూన్ 5, రాత్రి 9:02

పిల్లలకు టికెట్ ఉంటుందా? మాకు 9, 14 ఏళ్ళవాళ్ళు.

మిలాన్_స్టూడెంట్ | జూన్ 5, రాత్రి 9:40

ఇటలీ ప్రభుత్వ మ్యూజియాల్లో 18 లోపు అందరికీ ఉచితం, ఏ దేశమైనా సరే. కానీ ఆన్‌లైన్‌లో వాళ్ళ పేరు మీద కూడా స్లాట్ బుక్ చేయాలి. ప్రతి నెలా మొదటి ఆదివారం ఈ మ్యూజియాలు పెద్దవాళ్ళకూ ఉచితమే, కానీ ఆ రోజు జనం విపరీతం. పెద్దవాళ్ళను తీసుకెళ్తే ఆ రోజు వద్దు. వాటికన్ వేరే దేశం, అక్కడి లెక్క వేరు.

గోదావరి_ఒడ్డు | జూన్ 6, ఉదయం 8:10

అందరికీ చాలా చాలా థాంక్స్. మాస్టారు రాసింది ఫోన్‌లో అమ్మకు చదివి వినిపించాను. పాదాలు కొట్టేశారన్న చోట "అయ్యో" అంది. మన పటంలో పాదాలు ఉన్నాయి కదా అని లేచి వెళ్ళి చూసొచ్చింది.

ఇప్పుడు నా టెన్షన్ వాటికన్ గురించి. మైకెలాంజెలో కప్పు మీద బొమ్మలు వేసిన సిస్టీన్ చాపెల్‌కు చాలా దూరం నడవాలంటున్నారు. అమ్మ వల్ల అవుతుందా?

రోమ్_నర్సు | జూన్ 6, మధ్యాహ్నం 3:33

అవుతుంది తమ్ముడూ, కంగారు పడకు. నేను ఇక్కడ పన్నెండేళ్ళుగా వృద్ధుల సంరక్షణలో పని చేస్తున్నాను. మా చర్చి వాళ్ళ అమ్మానాన్నలను ఎంతమందిని తీసుకెళ్ళానో.

పొద్దున మొదటి స్లాట్ తీసుకో. ఆదివారం మ్యూజియం మూసి ఉంటుంది, నెల చివరి ఆదివారం తప్ప. ఆ చివరి ఆదివారం మాత్రం అస్సలు వద్దు. వీల్‌చైర్ మ్యూజియం వాళ్ళే ఇస్తారు, డబ్బు తీసుకోరు, గుర్తింపు కార్డు అడుగుతారు. అమ్మగారు "నాకెందుకు వీల్‌చైర్, నేను నడవగలను" అంటారు, అందరూ అంటారు. నువ్వు తీసుకో. హాళ్ళ వెంట నడిచే ఓపిక అక్కడే అయిపోతే చాపెల్ లోపల తల ఎత్తే ఓపిక ఉండదు.

చీర కట్టుకుంటే ఏ ఇబ్బందీ లేదు. భుజాలు, మోకాళ్ళు కప్పి ఉండాలి, మగవాళ్ళైనా సరే. నువ్వు నిక్కర్లు వేసుకుని రాకు.

చాపెల్ లోపల ఫోటోలు తీయకూడదు, మాట్లాడకూడదు. గోడల పక్కన బల్లలుంటాయి. అవి ఎప్పుడూ నిండే ఉంటాయి కానీ ఐదు నిమిషాలు ఆగితే ఎవరో ఒకరు లేస్తారు. అమ్మను అక్కడ కూర్చోబెట్టు. ఆ పైకప్పు నేలకు ఇరవై మీటర్ల ఎత్తున ఉంటుంది. చిన్న బైనాక్యులర్స్ తీసుకెళ్ళు. ఇది మర్చిపోకు.

సెయింట్ పీటర్స్ చర్చిలో పియెతా విగ్రహం కుడిచేతి వైపు మొదట్లోనే ఉంటుంది. మరియమ్మ ఒడిలో చనిపోయిన కొడుకు. 1972లో ఒకడు సుత్తితో కొట్టాడు, అప్పటి నుంచి గాజు వెనకే. ప్రవేశం ఉచితమే కానీ చెకింగ్ లైను పొడుగు. బుధవారం పొద్దున పోపు గారి సభ ఉంటుంది, ఆ పూట వద్దు.

హిందూపురం_వాణి | జూన్ 6, రాత్రి 10:18

తల ఎత్తి చూసే సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మాకు లేపాక్షి పదిహేను కిలోమీటర్లు. చిన్నప్పటి నుంచి ఆ మండపం కప్పు మీది బొమ్మలు చూసి మెడ నొప్పి తెచ్చుకున్నదాన్ని. సిస్టీన్ చాపెల్‌లో తల ఎత్తగానే నాకు మొదట గుర్తొచ్చింది అదే నొప్పి.

తర్వాత హోటల్‌కొచ్చి సంవత్సరాలు చూసుకుంటే ఒళ్ళు జలదరించింది. మైకెలాంజెలో ఆ కప్పు వేసింది 1508 నుంచి 1512. శ్రీకృష్ణదేవరాయలు గద్దెనెక్కింది 1509. ఆదాము వేలి వైపు దేవుడు చెయ్యి చాచే బొమ్మ అక్కడ తయారవుతున్నప్పుడు ఇక్కడ రాయలు దండయాత్రల్లో ఉన్నాడు. లేపాక్షి బొమ్మలు అచ్యుతదేవరాయల కాలానివి అంటారు. చాపెల్ ముందు గోడ మీది అంతిమ తీర్పు బొమ్మ 1536 నుంచి 1541. అంటే దాదాపు ఒకే కాలంలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, ఇద్దరూ నిచ్చెనలెక్కి పని చేస్తున్నారు. లేపాక్షిలో చీర అంచులు చూడండి, ఒక్కో ఆడమనిషికి ఒక్కో డిజైన్. అంత ఎత్తున ఎవరు చూస్తారని వేశారో.

తెనాలి_డ్రాయింగ్_మాస్టారు | జూన్ 7, ఉదయం 10:26

బాగా చెప్పావమ్మా. సిస్టీన్ గురించి నేనూ రెండు ముక్కలు.

మైకెలాంజెలో వెల్లకిలా పడుకుని వేశాడని అందరూ అనుకుంటారు. కాదు, నిలబడే, తల వెనక్కి వాల్చి వేశాడు. ఆ బాధంతా స్నేహితుడికి పద్యంగా రాసి పంపాడు, పక్కన తన బొమ్మ కూడా గీశాడు. మొదట్లో పూత మీద బూజు పట్టింది. నేను శిల్పిని, నాకిది రాదు అని వదిలేయబోయాడు.

కప్పు చూసేటప్పుడు బలిపీఠానికి ఎదురుగా ఉన్న పెద్ద ద్వారం వైపు మొదలుపెట్టి బలిపీఠం వైపు నడవమనండి. నోవహు జలప్రళయం బొమ్మలో మనుషులు చిన్నగా, గుంపులు గుంపులుగా ఉంటారు, కింద నుంచి సరిగా తెలియదు. సగం అయ్యాక సారువ విప్పారు. అప్పుడు కింద నుంచి చూసుకున్నాడు కాబోలు, అక్కడి నుంచి మనుషులు పెద్దవాళ్ళైపోయారు. ఆదాము ఆ రెండో భాగంలోనే ఉన్నాడు. పని చేస్తూ చేస్తూ తనను తాను దిద్దుకోవడం కళ్ళ ముందే కనిపిస్తుంది. ఎంతో గొప్పవాడు కూడా సగంలో ఆగి తన పని తాను చూసుకున్నాడని నేను ప్రతి ఏడాదీ పిల్లలకు చెప్పేవాణ్ణి. 2019లో స్వయంగా చూసి, చెప్పింది నిజమేనని తెలిసి, అక్కడే ఏడ్చాను.

ఒక మూల చిన్న నల్లటి చతురస్రాలు కనిపిస్తాయి. 1980 నుంచి చేసిన శుభ్రతలో, ముందు ఎంత మసి ఉండేదో తెలియడానికి అలాగే వదిలారు. బైనాక్యులర్స్‌తో వెతకండి.

గోదావరి_ఒడ్డు | జూన్ 24, రాత్రి 11:50

మిలాన్ టికెట్లు దొరికాయి! సెప్టెంబర్ 18, ఉదయం 9:30. తమ్ముడూ, నువ్వు చెప్పకపోతే ఆగస్టులో వెతుక్కునేవాణ్ణి. రోజుకు ఒక్కటే పెట్టుకున్నాం. వెనిస్, పారిస్ లేవు.

గోదావరి_ఒడ్డు | సెప్టెంబర్ 27, రాత్రి 9:15

వచ్చేశాం. ఒక్కొక్కటిగా రాస్తాను, అమ్మ పక్కనే కూర్చుని ఉంది.

రోమ్. నర్సక్క చెప్పినట్టే వీల్‌చైర్ వద్దంది, తీసుకున్నాం, మొదటి హాలు దాటేసరికి "మంచి పని చేశావు" అంది. చాపెల్‌లో బల్ల మీద చోటు దొరకడానికి పది నిమిషాలు పట్టింది. తర్వాత నలభై నిమిషాలు కూర్చుంది. బైనాక్యులర్స్ పెట్టుకుని ఒక్కో బొమ్మ దగ్గర వేలు చూపిస్తుంది, నా చెవిలో పేరు చెప్తుంది. ఆదాము. హవ్వ. నోవహు. నేను గైడ్‌బుక్ చదువుకుని వెళ్ళాను, నాకంటే అమ్మకే ఎక్కువ తెలుసు. ఆదికాండము ఆమెకు కంఠతా. బలిపీఠం పైన ఉన్న పెద్ద మనిషిని చూసి ఎవరబ్బా అని నేను పుస్తకం తిప్పుతుంటే, "పక్కన చేప ఉంది కదరా, యోనా" అంది. అక్కడ కప్పు మన వైపు వంగి ఉంటుంది, యోనా మాత్రం వెనక్కి వాలిపోతున్నట్టు కనిపిస్తాడు. గోడ ముందుకొస్తుంటే మనిషి వెనక్కి ఎలా పోతున్నాడో మా ఇద్దరికీ అర్థం కాలేదు. ఎంతసేపు చూసినా అంతే. మాస్టారూ, నల్ల చతురస్రాలు కనబడ్డాయి. అమ్మే పట్టుకుంది.

ఫ్లోరెన్స్. ఉఫీజీలో మోకాళ్ళ నొప్పి అని చెబితే లిఫ్ట్ చూపించారు. నాలుగే నాలుగు బొమ్మలు చూడాలని అనుకుని వెళ్ళాం. వీనస్ ముందు నేను ఇరవై ఐదు నిమిషాలు నిలబడ్డాను. 2018లో ఏమీ చూడలేదని ఇప్పుడు తెలిసింది. సముద్రం మీద అలలు చిన్న చిన్న గువ్వ రెక్కల్లా గీశాడు, ఒకటే ఆకారం మళ్ళీ మళ్ళీ. ఆమె జుట్టులో బంగారు గీతలున్నాయి, వెలుగు పక్కకు తిరిగితేనే కనిపిస్తాయి. పక్కన చెట్ల ఆకుల మీద కూడా అదే బంగారం. ఏ ఫోటోలోనూ ఇది రాదు. 2018 ఫోటో అక్కడే నిలబడి డిలీట్ చేసేశాను.

సాన్ మార్కోలో పై అంతస్తుకు మెట్లెక్కాలి. అమ్మ ఒక్కో మెట్టు ఎక్కి ఆగుతుంది. మలుపు తిరిగేసరికి పైన గోడ మీద గబ్రియేలు దూత, మరియ. అమ్మ మెట్టెక్కే కొద్దీ బొమ్మ కొంచెం కొంచెం పైకి తేలుతోంది. నేను ఒక్కణ్ణే అయితే నాలుగు అంగల్లో ఎక్కేసేవాణ్ణి. పైకొచ్చి ఊపిరి తీసుకుంటూ అమ్మ అన్న మొదటి మాట: "పీట మీద కూర్చోబెట్టాడు." నిజమే. సింహాసనం కాదు, మామూలు చెక్క పీట. "పని మధ్యలో కూర్చున్న పిల్లలా ఉంది" అంది.

అకాదెమియాలో ఆళ్లగడ్డ తమ్ముడు చెప్పిన దువ్వెన గీతలు చూశాం. దావీదు చేతిలో రాయి కోసం అమ్మ చుట్టూ తిరిగి వెతికింది. కుడి చేతి వెనక నరాలు లేచి ఉన్నాయి, ఎడమ భుజం మీద వడిసెల. శత్రువు గొల్యాతు తల కాళ్ళ కింద లేదేమిటి అని అడిగింది. ఇంకా కొట్టలేదు, చూస్తున్నాడు అని చెప్పాను. అప్పుడు ముఖం వైపు వెళ్ళి మళ్ళీ చూసింది.

మిలాన్. గాజు తలుపులు దాటుకుని లోపలికి వెళ్ళాం. నేను టైమ్ చూసుకుంటున్నాను, అమ్మ కాదు. నేరుగా మధ్యలోకి వెళ్ళి నిలబడింది. వెలిసిపోయిందని ముందే చెప్పాను కదా, అయినా ముఖంలో ఒక్క క్షణం ఏదో కనబడింది. తర్వాత పేతురు, యోహాను, తోమా అని లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది. యూదా దగ్గర ఆగింది. చేతిలో సంచి పట్టుకుని వెనక్కి జరుగుతాడు చూడండి, అక్కడ. కింద పాదాలు లేని చోటు చూసింది. తెల్ల గుడ్డ మీద ఇస్త్రీ మడతలు ఇంకా కనిపిస్తున్నాయి. "ఎవరో శ్రద్ధగా మడతపెట్టి దాచి, ఆ రోజు తీసి పరిచినట్టుంది" అంది.

పది నిమిషాలయ్యాక నేను ఈ హాలు సన్యాసులు భోజనం చేసే గది అని చెప్పాను. అంతవరకూ అమ్మకు ఆ విషయం చెప్పడం మర్చిపోయాను. ఆమె ఒక్కసారి చుట్టూ చూసి, వెనక్కి తిరిగింది. ఎదురు గోడ మీద సిలువ బొమ్మ ఉంది. మోంతోర్ఫానో అనే ఆయన 1495లో తడి సున్నం మీద వేసింది, రంగులు ఇంకా చక్కగా ఉన్నాయి. దాన్ని చూడడానికి మా బృందంలో ఎవరూ తిరగలేదు. అమ్మ అటు చూసి, ఇటు చూసి, మళ్ళీ అటు చూసి మెల్లగా అంది: "ఇటు భోజనం, అటు సిలువ. వీళ్ళు రోజూ మధ్యలో కూర్చుని తినేవాళ్ళన్నమాట."

అప్పుడే టైమ్ అయిపోయిందని చెప్పారు.

తెనాలి_డ్రాయింగ్_మాస్టారు | సెప్టెంబర్ 28, ఉదయం 6:40

బాబూ, నేను ఆ గదిలో పదిహేను నిమిషాలూ ఒకే గోడ చూశాను. వెనక గోడ ఉందని తెలుసు, ఒక చూపు చూసి తిరిగాను. అమ్మగారు అన్నట్టు మధ్యలో నిలబడి రెండూ కలిపి చూడలేదు. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

లోకసంచారి_వరంగల్ | సెప్టెంబర్ 28, ఉదయం 8:05

అన్నా, మా అమ్మానాన్నలను ఏప్రిల్‌ల తీసుకుపోతున్న. ఫ్లోరెన్స్, రోమ్, అంతే. ఆ బైనాక్యులర్స్ ఏ సైజువి కొన్నరు?

గోదావరి_ఒడ్డు | సెప్టెంబర్ 28, ఉదయం 8:31

చిన్నవే, చొక్కా జేబులో పడతాయి. కొనకండి. అమ్మ ఇమ్మంటోంది. బెంగళూరు వచ్చినప్పుడు తీసుకెళ్ళండి, లేదంటే కొరియర్ చేస్తాను.